వేర్లు కట్ చెయ్యకండి బాబూ: డెన్మార్క్ మ్యూజియం ఫ్రీ బొమ్మలు, శ్రీకాకుళంలో ప్రింటు, నా రివ్యూ

మా కాలేజీ బోటనీ ల్యాబ్‌లో గోడకి ఉన్న ఛార్టులు నేను జాయిన్ అయినప్పటికే పాతవి, మొన్న వానలకి గోడ చెమ్మెక్కి అవి కూడా బూజు పట్టి ఊడొచ్చేశాయి. కొత్తవి కొందామని చూస్తే అన్నీ ఒకటే టైపు, మెరిసే ప్లాస్టిక్ షీటు, పచ్చి ఆకుపచ్చ రంగు, ఏ మొక్క ఆకైనా ఒకేలా ఉంటుంది. పిల్లలు రికార్డులో దించేది కూడా అవే, మొక్కని చూడకుండా సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని. దాంతో ఈసారి ఛార్టులు కొనకుండా డెన్మార్క్ వాళ్ల పాత బొమ్మలు డౌన్‌లోడ్ చేసి ఇక్కడే శ్రీకాకుళంలో ప్రింట్ చేయించి ఫ్రేమ్ కట్టించా. మొత్తం తొమ్మిది, ఆరు ల్యాబ్‌కి, మూడు ఇంటికి. ఎవరైనా ఇలా చేయించుకోవాలనుకుంటే పనికొస్తుందని అంతా వివరంగా రాస్తున్నా.

ముందు బొమ్మలు ఎక్కడివో చెప్తా. కోపెన్‌హాగెన్‌లో వాళ్ల నేషనల్ గ్యాలరీ ఉంది, ఎస్.ఎం.కె. అంటారు. ఆ మ్యూజియం వాళ్లు తమ దగ్గరున్న పెయింటింగులు, డ్రాయింగులలో కాపీరైట్ అయిపోయినవాటి ఫోటోలు వేలకొద్దీ ఎస్.ఎం.కె. ఓపెన్ అనే సైట్‌లో పెట్టేశారు. డబ్బులు లేవు, పర్మిషన్ అడగక్కర్లేదు, ప్రింట్ వేసుకోవచ్చు, కప్పు మీద వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. జనం డబ్బుతో కాపాడుకున్న బొమ్మలు జనానివే అన్నట్టు ఇచ్చేశారు, నాకైతే ఇది చాలా గొప్ప పనిగా అనిపించింది. ఇంగ్లీషులో వెతికినా దొరుకుతాయి గానీ డానిష్‌లో పువ్వుకి, పక్షికి, మొక్కకి ఏమంటారో ఆన్‌లైన్ డిక్షనరీలో చూసుకుని ఆ మాటలతో కూడా ఒకసారి వెతకండి. రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే ఒంటిగంటవరకు లేవలేదు నేను.

అక్కడ నా మనసు పట్టేసిన మొదటిది గోటార్ప్ కోడెక్స్ అనే పాత మొక్కల బొమ్మల పుస్తకం. 1649 నుంచి 1659 వరకు పదేళ్లు హాంబర్గ్‌కి చెందిన హోల్ట్స్‌బెకర్ అనే ఆయన ఒక డ్యూక్ గారి తోటలో మొక్కల్ని ఒక్కొక్కటి తోలు షీట్ల మీద వేశాడు, 363 షీట్లు, వాటిలో 1180 రకాల మొక్కలు. తులిప్ రేక మీద చీలిపోయినట్టుండే ఎర్ర గీతలు జూమ్ చేసి చూస్తే ఒక్కో గీత విడిగా కనిపిస్తుంది. ఆకు కొన ఎండితే ఎండినట్టే వేశాడు. డ్యూక్ గారి తోట గొప్ప చూపించడానికి వేయించారు కాబట్టి అందులో పువ్వులదే రాజ్యం, అందుకే నా ల్యాబ్‌కి కాకుండా ఇంటి హాల్లోకి ఒకటి తీసుకున్నా.

ల్యాబ్‌కి మాత్రం నాకు కావలసింది ఫ్లోరా డానికా, అంటే డెన్మార్క్ మొక్కల బొమ్మల పుస్తకం. ఇది మ్యూజియం సైట్ కాదు, డెన్మార్క్ రాయల్ లైబ్రరీ వాళ్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు, అది కూడా ఫ్రీయే. 1761లో ఓడర్ అనే బోటనీ ప్రొఫెసర్ మొదలుపెట్టాడు, రాజుగారి ఏలుబడిలో ఉన్న నేలలో దానంతటదే మొలిచే ప్రతి మొక్కకీ ఒక బొమ్మ ఉండాలని. అప్పట్లో నార్వే, ఐస్‌లాండ్ కూడా ఆ రాజు కిందే. మొదలుపెట్టినవాడు పోయాడు, తర్వాతవాడు పోయాడు, సంపాదకులు మారుతూనే ఉన్నారు, చివరికి 1883లో పూర్తయింది. 122 ఏళ్లు, 3240 రాగి పలకల బొమ్మలు. తోటలో పెంచిన గులాబీ కోసం కాదండీ ఇదంతా, గట్టు మీద గడ్డి కోసం, రాతి మీద పాచి కోసం, బురదలో నాచు కోసం, కుక్కగొడుగుల కోసం.

ఇంటర్ బోటనీ చెప్పేవాళ్లకి ఇది నిజంగా నిధి. ఎందుకంటే మనం పిల్లలకి ఫ్యునేరియా, మార్కాన్షియా లాంటి నాచుమొక్కలు, ఫెర్న్‌లకి దగ్గరి ఈక్విసెటమ్, పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా అని చెప్తాం, ఎగ్జామ్‌లో బొమ్మ గీయమంటాం, కానీ మా పిల్లల్లో ఎక్కువమంది వాటిని కళ్లతో చూసుండరు, అరకు వైపు కొండల్లోకి వెళ్తే నాచుమొక్కలు కొన్ని దొరుకుతాయేమో గానీ ఈక్విసెటమ్ ఎక్కడ చూపించేది. అవన్నీ డెన్మార్క్‌లో మన ఉత్తరేణి, పల్లేరు లాగా మామూలు మొక్కలు. కాబట్టి ఫ్లోరా డానికాలో అవి పూర్తి పేజీలో ఉన్నాయి, పువ్వు పూసే మొక్కైతే పక్కన చిన్నగా పువ్వు విప్పి ఒకటి, గింజ కోసి ఒకటి, పెద్దది చేసి ఒకటి. ఎత్తుగా పెరిగే మొక్కైతే కాండాన్ని నరికి పై ముక్క, కింది ముక్క పక్కపక్కన పెట్టి వేస్తారు, చాలా బొమ్మల్లో కింద వేర్లు కూడా ఉంటాయి. డ్రోసెరా ఆకు మీద ఎర్ర వెంట్రుకలు, వాటి చివర జిగురు బొట్లు చూసి మా సెకండియర్ అమ్మాయి ఒకతె "మేడమ్ ఇది నిజంగా ఇలాగే ఉంటాదా, బుక్కులో గుండ్రంగా గీసేసినారు కదా" అంది. ఆ ప్రశ్న ఛార్టు చూసి ఏ రోజూ ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఫ్లోరా డానికా కోసం మొక్కలు ఏరడానికి 1764, 65లో ఐస్‌లాండ్ వెళ్లినాయన పేరు కోనిగ్, మొక్కలకి రెండు మాటల సైంటిఫిక్ నేమ్ పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు. ఆయన తర్వాత 1768లో మన వైపు వచ్చేశాడు, తమిళనాడులో తరంగంబాడి అప్పుడు డెన్మార్క్ వాళ్లది, అక్కడ మిషన్‌లో డాక్టరుగా. ఇక్కడి మొక్కలు ఏరుతూ చాలా చోట్ల తిరిగాడు. 1784లో కలకత్తా వెళ్తూ విశాఖపట్నంలో ఆగి, మన పాముల మీద పుస్తకం రాసిన ప్యాట్రిక్ రస్సెల్‌ని కలిశాడు. తర్వాత విరేచనాల జబ్బు పడితే సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అనే డాక్టరు, ఆయనా బోటనిస్టే, వచ్చి వైద్యం చేశాడు గానీ దక్కలేదు, 1785 జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. కరివేపాకు సైంటిఫిక్ నేమ్ ముర్రాయా కోనిగై అని మనం బట్టీ పట్టిస్తాం కదా, ఇప్పుడు బెర్గెరా కోనిగై అంటున్నారు, ఆ కోనిగై ఈ కోనిగే. ఐస్‌లాండ్ చలిలో పాచి ఏరిన మనిషి పేరు మన పోపుల్లో పడే ఆకు మీద ఉంది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా తలెత్తాయి.

సరే ఇప్పుడు ప్రింటు సంగతి, అసలు రివ్యూ ఇక్కడే. ఏడురోడ్ల జంక్షన్ దగ్గర్లో ఒక డిజిటల్ ప్రింట్ షాపుకి ముందు వెళ్లా. పెన్‌డ్రైవ్ ఇచ్చి 12 బై 18 అంగుళాల సైజులో ఆరు కావాలని చెప్పి వచ్చేశా, నిలబడి చూసుకోలేదు. రెండ్రోజుల తర్వాత వెళ్తే మూడు తప్పులు. ఒకటి, గ్లాసీ ఫోటో పేపర్ మీద వేశారు, ట్యూబ్‌లైటు కింద పెడితే లైటే కనిపిస్తుంది తప్ప మొక్క కనిపించదు. రెండు, పాత కాగితం రంగు చూసి బొమ్మ పాడైందనుకున్నారేమో ఆటో కరెక్షన్ కొట్టేశారు, వెనకాల తెల్లగా మెరిసిపోతోంది, ఆకులు ఫ్లెక్సీ బ్యానర్ పచ్చ. మూడోది నాకు నిజంగా బాధ కలిగించింది, ఫైల్ నిలువు కొలత వాళ్ల పేపర్ సైజుకి సరిపోలేదని కింద రెండంగుళాలు కట్ చేసేశారు, అంటే వేర్లు పోయాయి. మొక్కల బొమ్మలో వేరు తీసేస్తే మనిషి ఫోటోలో కాళ్లు తీసేసినట్టు. అడిగితే "కింద ఖాళీయే కద మేడమ్, పువ్వు బాగానే వచ్చింది" అన్నారు. డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. ఆ షాపు పేరు రాయను, వాళ్లకి పెళ్లి ఫోటోలు అలవాటు, నేను ముందే చెప్పాల్సింది చెప్పలేదు.

రెండోసారి పాలకొండ రోడ్డు వైపు ఒక చిన్న ఫ్రేమ్ వర్క్స్ దగ్గరికి వెళ్లా, దేవుడి పటాలు కట్టే షాపు, ఆయనకి అరవై దాటి ఉంటాయి. ఆయన ఫైల్ వాళ్ల అబ్బాయి కంప్యూటర్‌లో తెరిపించి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూశాడు. "ఏటమ్మా ఇది, గడ్డిమొక్క కదా, దీనికి ఇంత పని సేసినాడేటి?" అన్నాడు. నేను చెప్పా, ఎవరో రెండొందల ఏళ్ల కింద ముందు కూర్చుని చూసి గీశారు మాస్టారూ, పక్కన చెక్కేవాళ్లు రాగి మీద చెక్కారు, తర్వాత ఒక్కో కాపీకి చేత్తో రంగు వేశారు అని. అంతే, ఇక ఆయనకి ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ముందు ఒక్క చిన్న ముక్క టెస్ట్ ప్రింట్ తీసి నా ఫోన్ స్క్రీన్ పక్కన పెట్టి చూపించాడు, కొంచెం పసుపు ఎక్కువైందంటే తగ్గించాడు. వేరు మొత్తం వచ్చేలా చుట్టూ మార్జిన్ వదిలేశాడు, సైజు కోసం బొమ్మ కొయ్యకుండా మౌంట్ బోర్డుని బొమ్మకి తగ్గట్టు కోశాడు. పని తెలిసిన మనిషి చేతిలో పడితే ఎంత తేడానో!

రేట్లు చెప్తా. 300 జి.ఎస్.ఎం. అనే దళసరి మ్యాట్ పేపర్ (మెరవనిది) మీద 12 బై 18 ప్రింటు ఒక్కోటి 140, తెల్ల మౌంటు, సన్న టేకు రంగు ఫ్రేము, అద్దం కలిపి 620. తొమ్మిదింటికి రౌండ్ ఫిగర్ చేసి కొంచెం తగ్గించాడు. చౌక అనను, ప్లాస్టిక్ ఛార్టు వందకి వస్తుంది. కానీ ఆ ఛార్టు మూడేళ్లలో నాలుగోది కొంటాం కదా. వెనకాల మామూలు ప్లైవుడ్ వద్దని చెప్పండి, మన వైపు చెదలు ఊరుకోవు, ఆయనే స్వయంగా ఫైబర్ షీటు వేస్తానన్నాడు, గోడకి ఆనకుండా వెనక నాలుగు మూలలా రబ్బరు బొడిపెలు కూడా పెట్టాడు, నాగావళి పక్కన ఊరు, గోడ చెమ్మ తప్పదు. సైజు విషయంలో ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి, 12 బై 18 శుభ్రంగా రావాలంటే ఫైలు కనీసం 3600 బై 5400 పిక్సెల్స్ ఉండాలి, అంతకన్నా చిన్న ఫైలైతే ఏ4 చాలు, సాగదీస్తే మసకైపోతుంది. వాట్సాప్‌లో పంపకండి, నాశనం అయిపోతుంది, పెన్‌డ్రైవే.

ఇంటికి తీసుకున్న మూడింటిలో హోల్ట్స్‌బెకర్ తులిప్ ఒకటి చెప్పా కదా. రెండోది లుండ్‌బై అనే కుర్ర పెయింటర్ స్కెచ్. ఇతను 1818లో పుట్టాడు, 1848లో యుద్ధానికి వాలంటీరుగా వెళ్లి పొరపాటున పేలిన తుపాకీకి చనిపోయాడు, ముప్పై కూడా నిండలేదు. ఆ రోజుల్లో అక్కడ హోయెన్ అనే ఆర్ట్ హిస్టరీ పెద్దాయన ఇటలీ కొండలు వదలండి, మన పొలం, మన ఊరు, మన చెట్టు గీయండి అని కుర్రాళ్లని వెంటపడేవాడట. లుండ్‌బై, అతని స్నేహితుడు స్కోవ్‌గార్డ్ ఆ మాట పట్టుకున్నారు. స్కోవ్‌గార్డ్ వేసిన బీచ్ అనే జాతి చెట్ల అడవులు చూడండి, ఆకుల్లోంచి వెలుతురు పడటం తెలుస్తుంది. పెద్ద కాన్వాసు వెయ్యబోయే ముందు వీళ్లు పొలం గట్టున కూర్చుని ఒక్క ఆకునో, ఒక్క కొమ్మనో పెన్సిల్‌తో స్టడీ చేసేవాళ్లు. నాకు ఆ పూర్తయిన పెద్ద పెయింటింగుల కన్నా ఆ చిన్న కాగితాలే ఇష్టం. వాటిలో ఎవరికీ చూపించాలనే తొందర లేదు, చూడటం ఒక్కటే ఉంది.

ఆడవాళ్ల పని కూడా వెతకండి, మర్చిపోకండి. ఎమ్మా థామ్సెన్, ఆమె దగ్గర నేర్చుకున్న ఆంతోనోర్ క్రిస్టెన్సెన్. ఆంతోనోర్ పువ్వులు ఎక్కువగా పూలకుండీలో ఉండవు, నేలలోంచి మొలిచిన చోటే ఉంటాయి, కింద ఎండుటాకులతో సహా. నా మూడో ఫ్రేము ఆమెదే, వంటింటి కిటికీ పక్కన పెట్టా.

పక్షుల విషయంలో మాత్రం కొంచెం నిరాశ తప్పదు. డెన్మార్క్ పక్షుల బొమ్మలంటే అందరూ చెప్పే పేరు యోహానెస్ లార్సెన్, కెర్టెమిండె అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో ఉండి జీవితమంతా బాతులు, హంసలు, కొంగలు వేశాడు, వుడ్‌కట్లు (చెక్క మీద చెక్కి అచ్చువేసేవి), వాటర్‌కలర్లు. నీళ్ల మీద వాలబోతున్న బాతు రెక్క ఎలా వెనక్కి విరుచుకుంటుందో ఆయన చూసినట్టు ఇంకొకరు చూడలేదనిపిస్తుంది. ఆయన భార్య ఆల్‌హెడ్ కూడా పువ్వుల పెయింటరే. వాళ్లిల్లే ఇప్పుడు మ్యూజియం. కానీ ఆయన 1961 వరకు బతికాడు, యూరప్‌లో చనిపోయాక 70 ఏళ్లు కాపీరైటు, కాబట్టి ఎస్.ఎం.కె. వాళ్లు ఇచ్చే ఫ్రీ లెక్కలోకి ఆయన బొమ్మలు రావు. నేను చూసి ఆనందపడ్డా గానీ ప్రింట్ వెయ్యలేదు.

బదులుగా క్యార్‌బోలింగ్ అనే ఆయన 1850ల్లో అచ్చువేసిన డెన్మార్క్ పక్షుల పుస్తకం స్కాన్లు తీసుకున్నా, 304 బొమ్మలు. కోపెన్‌హాగెన్ జూ 1859లో పెట్టింది కూడా ఈయనే. నిజం చెప్పాలంటే పక్షులు కొంచెం బిర్రుగా ఉంటాయి, చచ్చిన పక్షిలో దూది కూరి నిలబెట్టినట్టు, పేజీకి అయిదారు ఇరికించారు. లార్సెన్ చూశాక ఇవి చూస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది. అయినా తీసుకోవడానికి కారణం ఉంది. నారాయణ పక్షి అక్కడా ఉంది ఇక్కడా ఉంది, అదే జాతి. లకుముకి పిట్టల్లో చిన్న నీలం రకం కూడా అంతే, ఊరపిచ్చుక అంతే. పిల్లలకి డెన్మార్క్ ఎక్కడో తెలీదు గానీ ఆ పేజీ చూసి "ఇది మా చెరువు దగ్గర నిలబడతాది మేడమ్, ఒంటికాలు మీద" అని టెక్కలి వైపు నుంచి వచ్చే అబ్బాయి చెప్పాడు. ఆ అబ్బాయిది తేలినీలాపురం దగ్గర ఊరు. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు పెడితే ఊరికి మంచిదని జనం వాటిని ఏమీ అనరు, సీజన్ అంతా పిల్లలు ఆ అరుపుల మధ్యే పెరుగుతారు. అన్ని రోజులు చూసిన పిల్లాడి రికార్డులో మాత్రం పక్షి బొమ్మ గైడులోంచి దించిందే ఉంది. నేను మార్కులు వేసిన రికార్డే అది.

ఇంకొకటి ఆసక్తి ఉన్నవాళ్లకి, ప్రింట్ కాకుండా పింగాణీలో కూడా ఈ మొక్కలు ఉన్నాయి. 1790లో రాజకుటుంబం వాళ్లు ఫ్లోరా డానికా బొమ్మలతో ఒక డిన్నర్ సెట్ ఆర్డర్ ఇచ్చారు, రష్యా రాణి కేథరిన్‌కి బహుమతి అనుకున్నారని చెప్తారు, పని అవ్వకుండానే 1796లో ఆవిడ పోయింది. బాయర్ అనే ఒక్క మనిషి పన్నెండేళ్లు కూర్చుని దాదాపు అన్నీ తనే వేశాడు, 1802లో ఆపే సరికి 1802 ముక్కలు, ఆయన చూపు దెబ్బతింది. పళ్లెం మధ్యలో కలుపు మొక్క, వేరుతో సహా. రాయల్ కోపెన్‌హాగెన్ వాళ్లు ఇప్పటికీ చేత్తో వేసి అమ్ముతారు, ధర మనం అనుకునే లెక్కల్లో ఉండదు కాబట్టి ఫోటోలు చూసి తృప్తిపడాల్సిందే. ఫ్రేములాయనకి ఈ సంగతి చెప్తే బాయర్ గురించే అడిగాడు, "కళ్లు పోయినాక ఆయన్నెవులు సూసినారమ్మా" అని. ఆయనకీ ఈ మధ్యే ఒక కంటికి ఆపరేషన్ అయిందట.

మొత్తానికి మ్యూజియం సైట్‌కి అయిదుకి అయిదు, ఫ్లోరా డానికా స్కాన్లకి అయిదుకి అయిదు, పక్షుల పుస్తకానికి మూడున్నర, ఫ్రేముల పెద్దాయన పనికి అయిదు కన్నా ఎక్కువ ఇవ్వొచ్చంటే అదీ ఇస్తా. మీరు చేయించుకుంటే షాపులో అడగాల్సినవి, మ్యాట్ పేపరు, ఆటో కరెక్షన్ వద్దు, ముందు టెస్ట్ ముక్క, అంచులు కొయ్యొద్దు. ఈ చివరిది కాగితం మీద రాసిచ్చెయ్యండి.

ఈ ఏడాది ఫస్టియర్ వాళ్ల రికార్డులో మొదటి పేజీ ఖాళీగా వదలమన్నా, కాలేజీ గ్రౌండ్‌లో ఏదో ఒక కలుపు మొక్క వేరుతో పీకి, కడిగి, ముందు పెట్టుకుని గీయాలి, గైడు ముట్టుకోకూడదు. మొదటి బ్యాచ్ నిన్న ఇచ్చారు. గలిజేరు మూడు వచ్చాయి, తుమ్మి ఒకటి, ఉత్తరేణి చాలా. ఒకమ్మాయి నేలఉసిరి ఆకు వెనకాల వరసగా ఉన్న కాయలన్నీ లెక్కపెట్టి మరీ వేసింది, పురుగు తిన్న ఆకుని తిన్నట్టే వదిలేసింది. దాన్ని స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి పాలకొండ రోడ్డుకి పంపించా, అదే సైజు, అదే మౌంటు, డ్రోసెరా పక్కన ఖాళీ మేకు ఉంది. సోమవారం ఇస్తానన్నాడు.